చిరునామాలో పెద్ద బడి, చిన్న బడి

తెలుగు అక్షరాలకు ఇంగ్లీషులోలాగా పెద్ద బడి (క్యాపిటల్), చిన్న బడి (స్మాల్) లేవు. 'పట్టిసీమ' అన్న ఊరి పేరును ఆర్టీసీ బస్సు బోర్డు మీద రాసినా, రేవులో పడవ టికెట్టు మీద అచ్చువేసినా, గుడి గోడ మీద చెక్కినా అవే అక్షరాలు. వాక్యం మొదట వచ్చిందని 'ప' రూపం మారదు. అదే పేరును ఇంగ్లీషు లిపిలోకి మార్చి వెబ్ చిరునామాలో పెట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం, తెలుగు రాతలో ఎప్పుడూ ఎదురుకాని ప్రశ్న ఎదురవుతుంది. మొదటి అక్షరం పెద్దదా, చిన్నదా? ఏదైనా ఒకటేనా, కాదా?

నిజానికి ఇంటర్నెట్‌లో తొలిరోజుల నుంచీ ఉన్న తెలుగువాళ్ళకు ఈ ప్రశ్న కొత్తది కాదు. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువాళ్ళు ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతిని రూపొందించారు. ఇంగ్లీషు కీబోర్డు మీదే తెలుగు రాసుకోవడానికి వేసిన దారి అది. అందులో బడి మారితే ధ్వని మారుతుంది. 'టి' చిన్నదైతే త, పెద్దదైతే ట. 'డి' చిన్నదైతే ద, పెద్దదైతే డ. 'ఎన్' న, ణ అవుతుంది. 'ఎల్' ల, ళ అవుతుంది. అచ్చుల్లో చిన్నవి హ్రస్వాలు, పెద్దవి దీర్ఘాలు. పట్టిసీమ అని రావాలంటే రెండు 'టి'లూ పెద్ద బడిలో ఉండాలి, 'సీ'లోని 'ఐ' కూడా పెద్దదవ్వాలి. అన్నీ చిన్న బడిలో కొడితే 'పత్తిసిమ' వస్తుంది. 2006లో వీవెన్ తెచ్చిన లేఖిని అనే టైపింగు సాధనం ద్వారా ఈ పద్ధతి వేలమంది చేతివేళ్ళకు అలవాటైంది. అంటే లిపిలో లేని పెద్ద బడికి మనవాళ్ళు ఒక పని అప్పజెప్పారు, అది చక్కగా చేసింది.

వెబ్ చిరునామాలో మాత్రం ఆ తేడా ఒక చోట లెక్కకు వస్తుంది, ఒక చోట రాదు. ఎక్కడ వస్తుందో, ఎక్కడ రాదో తెలియకుండా వెబ్ సేవలు కడుతున్నవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ళు కట్టిన దాని భారం చివరికి ఫోన్ పట్టుకుని 'పేజీ దొరకలేదు' అన్న తెర ముందు నిలబడ్డ మనిషి మీద పడుతోంది. ఆ భారం సర్వర్ మోయాలి, మనిషి కాదు అన్నది ఈ వ్యాసం వాదన. దాన్ని ఎలా మోయాలి అన్నదాని మీద ఇప్పటిదాకా వచ్చిన ఆలోచనలను ఒక్కచోట చేర్చి చూద్దాం.

చిరునామాను ముక్కలు చేసి చూస్తే సగం చిక్కు విడిపోతుంది. మొదట హెచ్‌టీటీపీఎస్ అనే పద్ధతి పేరు, తర్వాత డొమైన్ పేరు, ఆ తర్వాత '/' గీటుతో మొదలయ్యే దారి, చివర ప్రశ్నార్థకం తర్వాత వచ్చే వివరాలు. 2005 జనవరిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 3986 దీనికి మూలప్రమాణం. టిమ్ బెర్నర్స్-లీ, రాయ్ ఫీల్డింగ్, లారీ మాసింటర్ రాశారు. పద్ధతి పేరులోనూ డొమైన్ పేరులోనూ పెద్ద బడి, చిన్న బడి ఒకటే అని అది స్పష్టంగా చెబుతుంది. మిగతా భాగాల్లో, ప్రత్యేకంగా వేరే చెప్పి ఉంటే తప్ప, తేడా ఉన్నట్టే లెక్క. కాబట్టి పట్టిసీమ అన్న మాట డొమైన్ పేరులో ఉంటే ఎలా కొట్టినా చేరుతుంది. గీటు దాటాక ఉంటే చేరొచ్చు, చేరకపోవచ్చు.

డొమైన్ పేర్లకు ఈ వెసులుబాటు వెబ్ పుట్టకముందే ఉంది. 1987 నవంబరులో వచ్చిన, డొమైన్ పేర్లను నడిపే డీఎన్‌ఎస్ ప్రమాణమే పేర్లను పోల్చేటప్పుడు బడి చూడొద్దని చెప్పింది. ఇందులో సందేహాలేవీ మిగలకుండా 2006లో ఆర్‌ఎఫ్‌సీ 4343 అని మరో పత్రం కూడా వచ్చింది. ఆస్కీ సంకేతాల్లో పెద్ద 'ఏ' విలువ 65, చిన్న 'ఏ' విలువ 97. అన్ని అక్షరాలకూ ఆ తేడా సరిగ్గా 32, అంటే ఒక్క బిట్టు. ఆ బిట్టును పక్కన పెట్టి పోల్చడం యంత్రానికి తేలిక. పేరును అడిగే సర్వర్లు ఈ ఉదాసీనతనే తర్వాత రక్షణగా మలచుకున్నాయి. ప్రశ్న పంపేటప్పుడు పేరులోని అక్షరాలను ఇష్టమొచ్చినట్టు పెద్దవీ చిన్నవీ చేసి పంపుతాయి. జవాబులో అదే అమరిక తిరిగి రాకపోతే ఎవరో మధ్యలో దొంగ జవాబు పంపారని అనుమానిస్తాయి. గూగుల్ పబ్లిక్ డీఎన్‌ఎస్ ఈ పద్ధతిని వాడుతోంది. అర్థం లేని తేడాను అడ్డుపెట్టుకుని భద్రత సాధించడం నాకు చాలా అందమైన ఆలోచన అనిపిస్తుంది.

దారి విషయంలో మాత్రం కథ వేరు. 1963లో వచ్చిన తొలి ఆస్కీలో చిన్న బడి అక్షరాలు లేనేలేవు. అవి 1967 సవరణలో చేరాయి. ఆ తర్వాత బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్ చిన్న బడిని ఇష్టంగా వాడుకుంది. అందులో ఫైలు పేరు అంటే కేవలం బైట్ల వరుస, ఒక్క బైటు మారినా వేరే ఫైలు. డాస్ దీనికి పూర్తిగా విరుద్ధం. ఎలా కొట్టినా అన్నిటినీ పెద్ద బడిగా మార్చి దాచుకునేది. విండోస్ మీరు రాసిన రూపాన్ని గుర్తుపెట్టుకుంటుంది గానీ, వెతికేటప్పుడు బడి చూడదు. మ్యాక్ కూడా మామూలుగా అంతే. 1990లో సెర్న్‌లో మొదలైన వెబ్, చిరునామాలోని దారిని చాలాకాలం నేరుగా డిస్కు మీది ఫోల్డరుగానే చూసింది. దాంతో ఏ యంత్రం మీద సర్వర్ నడుస్తోందో ఆ యంత్రం స్వభావమే చిరునామాకు అంటుకుంది. లైనక్స్ మీద అపాచీ నడిపితే తేడా ఉంటుంది, విండోస్ మీద ఐఐఎస్ నడిపితే ఉండదు. ఏ సంస్థా కూర్చుని ఆలోచించి తీసుకున్న నిర్ణయం కాదది.

ఇంజనీరింగ్ విద్యార్థి ప్రాజెక్టులో ఇది ఎలా బయటపడుతుందో చూస్తే విషయం కళ్ళకు కడుతుంది. రాజమండ్రిలోనో భీమవరంలోనో హాస్టల్ గదిలో విండోస్ ల్యాప్‌టాప్ మీద సైటు తయారవుతుంది. బొమ్మ ఫైలు పేరు పెద్ద 'జి'తో 'గోదావరి', పేజీలో రాసింది చిన్న 'జి'తో. ల్యాప్‌టాప్‌లో బొమ్మ చక్కగా కనిపిస్తుంది. సైటును లైనక్స్ సర్వర్ మీద పెట్టగానే బొమ్మ ఉండాల్సిన చోట చిరిగిన కాగితం గుర్తు వస్తుంది. పోనీ ఫైలు పేరు సరిచేద్దామని ల్యాప్‌టాప్‌లో మార్చి గిట్‌లో వేస్తే, బడి తప్ప ఇంకేమీ మారలేదు కాబట్టి అక్కడి గిట్ ఆ మార్పును మార్పుగానే గుర్తించకపోవచ్చు. పేరును ముందు వేరే ఏదైనా పేరుగా మార్చి, మళ్ళీ సరైన పేరుకు తేవాలి, లేదా గిట్ ఆదేశంతోనే పేరు మార్చాలి. డేటాబేసుదీ అదే వరస. మైఎస్‌క్యూఎల్‌లో పట్టికల పేర్లకు లైనక్స్ మీద బడి తేడా ఉంటుంది, విండోస్ మీద ఉండదు. పట్టికలో దాచిన మాటలను పోల్చేటప్పుడు మాత్రం మామూలుగా తేడా చూడదు, పోస్ట్‌గ్రెస్ చూస్తుంది. ఒకే సేవలో మూడు పొరలుంటే మూడింటికీ మూడు నియమాలు ఉండొచ్చన్నమాట.

ఈ విషయం మీద పెద్దల మాటలు రెండు వైపులా ఉన్నాయి. వెబ్ నిర్మాణాన్ని గురించి వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2004 డిసెంబరులో వెలువరించిన పత్రం చిరునామాను తెరవని కవరులా చూడమంటుంది. చిరునామా లోపల ఏముందో దాని యజమానికే తెలుసు; బయటివాళ్ళు రెండు చిరునామాలు ఒకటేనని ఊహించుకోకూడదు. అదే సమయంలో, ఒకే వస్తువుకు రెండు చిరునామాలు తయారుచేయవద్దని యజమానికి కూడా చెబుతుంది. ఈ రెండో మాటను చాలామంది మరిచిపోతారు. ఇంకో వైపున వాడకందారు కోసం ఆలోచించే జాకబ్ నీల్సన్, 1999లోనే చిరునామా కూడా తెరమీది బటన్ లాంటి వాడుక వస్తువేనని వాదించారు. మనుషులు పెద్ద బడి, చిన్న బడి కలిసినచోట తప్పులు చేస్తారు కాబట్టి అన్నీ చిన్న బడిలో ఉంచమని చెప్పారు. ప్రమాణం చెప్పేది యంత్రాలు ఎలా పోల్చాలన్నది. నీల్సన్ చెప్పేది మనుషులు ఎలా వాడతారన్నది. రెండింటికీ వైరుధ్యం లేదని నా అభిప్రాయం. బయటి ప్రపంచం తేడా ఉందనే అనుకోవాలి, లోపలివాడు తేడా రానివ్వకూడదు.

వెతుకులాట యంత్రాలకూ ఇది ముఖ్యమే. గూగుల్, చిరునామా దారిలోని బడి తేడాను పట్టించుకుంటుంది. పెద్ద 'పి'తో ఉన్న పట్టిసీమ పుటా చిన్న 'పి'తో ఉన్న పుటా దాని లెక్కలో రెండు పుటలు. రెండూ ఒకటే చూపిస్తుంటే, ఏది అసలుదో చెప్పమని అడుగుతుంది. అందుకోసమే 2009 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి 'కానానికల్' అనే గుర్తును ప్రవేశపెట్టాయి. ఆ యంత్రాలకు సూచనలిచ్చే రోబోట్స్ ఫైలులో ఫలానా ఫోల్డరు చూడొద్దని రాసినప్పుడు కూడా బడి సరిపోవాలి. అక్కడ చిన్న బడిలో రాసి, సర్వర్ ఏ బడికైనా పలికేదైతే, దాచాలనుకున్న పుట పెద్ద బడి లింకు ద్వారా బయటపడుతుంది.

ప్రోగ్రామర్లు వాడే చట్రాలు కూడా ఒక్కమాట మీద లేవు. నోడ్‌లో ఎక్స్‌ప్రెస్ మామూలుగా బడి చూడదు. జాంగో, ఫ్లాస్క్, స్ప్రింగ్ చూస్తాయి. ఏఎస్‌పీ డాట్ నెట్ చూడదు, పైగా తాను తయారుచేసే లింకులన్నీ చిన్న బడిలో ఉండేలా ఒక అమరిక ఇస్తుంది. అపాచీలో అడిగిన ఫైలు దొరకనప్పుడు ఆ ఫోల్డరంతా వెతికి, బడి మాత్రమే తేడా ఉన్న ఫైలుకు దారి మళ్ళించే మాడ్యూలు ఉంది. పాత సైటును కాపాడుకోవడానికి అది పనికొస్తుంది గానీ, కొత్త సేవకు దాన్ని నమ్ముకోవడం మంచిది కాదు. ప్రతి తప్పు అభ్యర్థనకూ ఫోల్డరు వెతకడం సర్వర్‌కు బరువు. పైగా ఫైళ్ళు లేని సేవలకు అది పనిచేయదు.

ఇప్పుడు చిరునామాలు ఎవరు టైపు చేస్తున్నారు, అందరూ లింకు నొక్కేవాళ్ళే కదా అని ఒక వాదం వినిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న మొదలుపెట్టిన 'మన మిత్ర' వాట్సాప్ సేవలో చిరునామా టైపు చేసే పనే లేదు, నిజమే. అయినా గోడ పోస్టరు పోలేదు. మహాశివరాత్రికి పట్టిసీమ రేవు దగ్గర కట్టే ఫ్లెక్సీ మీద ఒక చిరునామా వేశారనుకోండి. అచ్చు అందంగా ఉండాలని డిజైనరు అంతా పెద్ద బడిలో వేస్తాడు. దాన్ని చూసి ఫోన్లో కొట్టేవాడికి కీబోర్డు తనంతట తాను మొదటి అక్షరం పెద్దది చేస్తుంది. చూసినవాడు తాళ్ళపూడిలో ఉన్న చుట్టానికి ఫోన్ చేసి నోటితో చెబితే అవతలివాడికి బడి ఎలా వినపడుతుంది? మన దేశంలో జనం రోజూ కొట్టే సంకేతాలు చాలావరకు పెద్ద బడివే. పాన్ నంబరు, బ్యాంకు ఐఎఫ్ఎస్‌సీ, బండి నంబరు, రాజమండ్రి స్టేషనుకు ఆర్‌జేవై, నిడదవోలుకు ఎన్‌డీడీ. బుద్ధిగా పెద్ద బడిలో కొట్టడం నేర్చుకున్న మనిషి చిరునామాను కూడా అలాగే కొడతాడు. అతన్ని తప్పుపట్టే సేవ తన ఊరిని తెలుసుకోలేదని అర్థం.

క్యూఆర్ గళ్ళలోనూ బడికి లెక్క ఉంది. 1994లో జపాన్‌లోని డెన్సో వేవ్ తయారుచేసిన ఈ పద్ధతిలో 45 గుర్తులకే పరిమితమైన ఒక పొదుపు విధానం ఉంది. అంకెలు, పెద్ద బడి అక్షరాలు, చుక్క, గీటు వంటివి అందులో ఉన్నాయి. చిన్న బడి లేదు. ఆ విధానంలో రెండు గుర్తులకు 11 బిట్లు చాలు, మామూలు విధానంలో 16 కావాలి. కాబట్టి చిరునామా మొత్తం పెద్ద బడిలో పెడితే గళ్ళు తగ్గి, పడవలో ఊగుతూ దూరం నుంచి స్కాన్ చేసినా ఫోన్ తేలిగ్గా పట్టుకుంటుంది. డొమైన్ భాగానికి ఏ ఇబ్బందీ ఉండదు. దారి కూడా పెద్ద బడిలో పనిచేయాలంటే సర్వర్ ముందే సిద్ధంగా ఉండాలి.

ఇంతవరకూ మనుషులు చూసే పుటల సంగతి. ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రామును పిలిచే వెబ్ సేవల దగ్గర ఇంకొంచెం నిదానంగా ఆలోచించాలి. పట్టిసీమ ఎత్తిపోతల పథకంలో 24 పంపులున్నాయి. గోదావరి నీటిని పోలవరం కుడి కాలువలోకి ఎత్తి, 2015 నుంచి కృష్ణా వైపు పంపుతున్నాయి. ఒక్కో పంపు ఎంత నీరు ఎత్తుతోందో చెప్పే సేవను మీరే కడుతున్నారని ఊహించండి. ఏడో పంపుకు 'పి 07' అని పేరుపెట్టి దారిలో చేర్చారు. ఒకడు పెద్ద 'పి'తో అడిగాడు, ఇంకొకడు చిన్న 'పి'తో. మీ రౌటరు బడి చూడదు, డేటాబేసూ చూడదు, ఇద్దరికీ జవాబు వచ్చింది. కానీ మధ్యలో జవాబుల కాపీలు దాచుకునే క్యాషె బడి చూస్తుంది. దానికి అవి రెండు వేరు వేరు చిరునామాలు, రెండు కాపీలు దాచింది. పంపు ఆగిపోయాక మీరు చిన్న 'పి' కాపీని మాత్రం చెరిపేశారు. పెద్ద 'పి'తో అడిగేవాడికి ఆగిన పంపు ఇంకా నడుస్తూనే కనిపిస్తుంది. ఏ ప్రోగ్రామూ తప్పు చేయలేదు. ఒకే వస్తువుకు రెండు చిరునామాలు ఉండటమే అక్కడ తప్పు.

అయితే అన్నిటినీ చిన్న బడికి దారి మళ్ళిస్తే సరిపోతుందా? పుటలకు సరిపోతుంది. 301 అనే శాశ్వత మళ్ళింపు అందుకు చాలు. సేవలకు సరిపోదు. సమాచారం పంపే పోస్ట్ అభ్యర్థనకు 301 తగిలితే చాలా క్లయింట్లు దాన్ని గెట్‌గా మార్చేసి, పంపాల్సిన సమాచారాన్ని వదిలేసి వెళ్తాయి. పంపినవాడికి 'సరే' అన్న జవాబు కూడా రావొచ్చు, కానీ అవతల ఏమీ చేరి ఉండదు. ఈ చిక్కు కోసమే 308 అనే మళ్ళింపు వచ్చింది, 2015 ఏప్రిల్ నుంచి ప్రమాణంగా ఉంది. ఇది పోస్ట్‌ను గెట్‌గా మార్చదు. నా మటుకు నేను ప్రోగ్రాముల మధ్య సేవల్లో మళ్ళింపు కన్నా కచ్చితత్వాన్నే ఇష్టపడతాను. దారి ఒక్క రూపంలోనే, చిన్న బడిలోనే ఉండాలి. తప్పు బడిలో వస్తే 'దొరకలేదు' అనే 404 ఇవ్వాలి, ఆ జవాబు లోపల సరైన దారి ఇదీ అని మాటల్లో చెప్పాలి. ప్రోగ్రామర్ ఒక్కసారి చదివి సరిచేసుకుంటాడు. గోడ పోస్టరు చూసి కొట్టిన మనిషికి అదే జవాబు ఇవ్వకూడదు.

సంతకాలతో నడిచే చోట ఒక్క అక్షరం బడి మారినా పని ఆగుతుంది. చెల్లింపుల సేవలు చాలావాటిలో, చిరునామాతో సహా వివరాలన్నీ కలిపి ఒక సంతకం లెక్కగడతారు. మీ సర్వర్ మంచితనంతో దారిని చిన్న బడికి మార్చి ఆ తర్వాత సంతకం సరిచూస్తే అది సరిపోదు. వచ్చింది వచ్చినట్టే సంతకం చూసి, ఆ తర్వాతే ఏ మార్పైనా చేయాలి. ఒక సైటు ఖాతాతో ఇంకో సైటులోకి వెళ్ళనిచ్చే ఓఆథ్‌లో, లాగిన్ తర్వాత తిరిగి రావాల్సిన చిరునామాను ముందే నమోదు చేస్తారు. నమోదైనదానితో అక్షరం అక్షరం సరిపోవాలని 2025 జనవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9700 గట్టిగా చెబుతుంది. ఎక్స్‌ఎంఎల్‌తో నడిచే పాత సోప్ సేవలు నడుపుతున్నవాళ్ళకు ఇంకో వింత ఎదురవుతుంది. ఎక్స్‌ఎంఎల్‌లో నేమ్‌స్పేస్ పేర్లు చూడటానికి వెబ్ చిరునామాల్లాగే ఉంటాయి, కానీ అవి చిరునామాలు కావు, పేర్లు మాత్రమే. 1999 నాటి ప్రమాణం వాటిని అక్షరం అక్షరం పోల్చమంది. అక్కడ డొమైన్ భాగంలో బడి మారినా వేరే పేరే! డొమైన్‌కు బడి లేదని నేర్చుకున్నవాడు ఇక్కడే పప్పులో కాలేస్తాడు.

కొన్నిచోట్ల బడి ముట్టుకోనే కూడదు. యూట్యూబ్ వీడియో గుర్తులో 11 అక్షరాలుంటాయి, పెద్దవీ చిన్నవీ అంకెలూ కలిపి. తక్కువ అక్షరాల్లో ఎక్కువ వీడియోలకు గుర్తులు ఇవ్వగలగడం పెద్ద, చిన్న బడుల తేడా వల్లే. పొట్టి లింకుల సేవలదీ అంతే. పాస్‌వర్డు మార్చుకోమని ఈమెయిలులో వచ్చే లింకులోని టోకెను కూడా సాధారణంగా ఇలాంటిదే. అన్ని చిరునామాలనూ గుడ్డిగా చిన్న బడికి మార్చమని సర్వర్ ముందు ఒక నియమం రాసిపెడితే ఇవన్నీ విరుగుతాయి. మనిషి చదివే మాటలున్న భాగానికే చిన్న బడి నియమం పెట్టాలి, యంత్రం పుట్టించిన గుర్తుకు కాదు. మనుషులు చేత్తో కొట్టాల్సిన గుర్తులను మొదటే బడి లేకుండా, సున్నాకూ 'ఓ'కూ తికమక లేకుండా తయారుచేసుకుంటే ఈ గొడవే ఉండదు.

మన జిల్లాల్లో భూమి వివరాలతో పనిచేసే సేవలకు ప్రత్యేకంగా ఒక మాట. సర్వే నంబరు 112లో మూడో భాగంలో మళ్ళీ 'ఏ' అనే ముక్క ఉంటే, కాగితం మీద 112/3ఏ అని ఇంగ్లీషు అక్షరంతో రాస్తారు. దీన్ని యథాతథంగా దారిలో పెడితే రెండు ప్రమాదాలు. 'ఏ' పెద్దదా చిన్నదా అన్నది మొదటిది. గీటు రెండోది, ఇదే పెద్దది. చిరునామాలో గీటు అంటే కొత్త మెట్టు, కాబట్టి 112 ఒక చోట, 3ఏ ఇంకో చోట అయిపోతాయి. గీటును సంకేతంగా మార్చి పంపినా అపాచీ మామూలు అమరికలో దాన్ని ఒప్పుకోదు, 404 ఇస్తుంది. నంబరును ప్రశ్నార్థకం తర్వాతి వివరాల్లో పెట్టడం, లేదా గీటు బదులు అడ్డగీత వాడి అక్షరాన్ని చిన్న బడికి స్థిరపరచడం మేలు. తెరమీద చూపేటప్పుడు మాత్రం రైతు పాసుపుస్తకంలో ఉన్నట్టే 112/3ఏ అని చూపాలి.

భద్రత సంగతి తక్కువ మాటల్లోనే చెప్పొచ్చు గానీ తేలిగ్గా తీసుకోకూడదు. అడ్మిన్ పుటను బయటివాళ్ళకు మూసేస్తూ చిన్న బడిలో నియమం రాసి, వెనక సర్వర్ ఏ బడికైనా తలుపు తీసేదైతే, మొదటి అక్షరం పెద్దది చేసినవాడు లోపలికి నడిచి వస్తాడు. తాళం వేసేవాడూ తలుపు తీసేవాడూ ఒకే నియమం పాటించాలి. 2014 డిసెంబరులో గిట్‌లో ఇలాంటి లోపమే బయటపడింది. గిట్ తన సొంత రహస్య ఫోల్డరు పేరును చిన్న బడిలోనే కాపాడుకునేది. విండోస్, మ్యాక్‌ల మీద పెద్ద బడి పేరుతో దాన్ని తిరగరాసే వీలుండేది. ఇక ఎస్సెమ్మెస్‌లలో వచ్చే దొంగ బ్యాంకు లింకుల్లో చిన్న 'ఎల్' బదులు పెద్ద 'ఐ' పెడతారు. చూపుకు రెండూ ఒకే నిలువు గీత. బ్రౌజరు చిరునామా పట్టీలోకి వచ్చేసరికి డొమైన్ అంతా చిన్న బడికి మారి మోసం బయటపడుతుంది, కానీ నొక్కకముందు ఆ సంగతి తెలియదు.

ఇవన్నీ ఇంగ్లీషు లిపితో వచ్చిన బాధలు, చిరునామాలే తెలుగులో పెట్టుకుంటే పీడ విరగడవుతుంది కదా అనిపిస్తుంది. తెలుగులో .భారత్ డొమైనుకు 2011లోనే ఆమోదం దక్కింది. దారిలో తెలుగు మాటలు వాడటం అంతకన్నా ముందు నుంచే ఉంది, తెలుగు వికీపీడియా నిండా అవే చిరునామాలు. నేను ఈ దారికి పూర్తిగా అనుకూలం. కాకపోతే లోపల ఏం జరుగుతుందో తెలిసి వాడాలి. తెలుగు యూనికోడ్ సంకేతం ఒక్కోటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు. చిరునామాలో వెళ్ళేటప్పుడు ఒక్కో బైటూ ఒక శాతం గుర్తు, రెండు అక్షరాలుగా మారుతుంది. 'పట్టిసీమ'లో యూనికోడ్ సంకేతాలు ఎనిమిది. ప, ట, పొల్లు, ట, గుడి, స, గుడిదీర్ఘం, మ. ఎనిమిదిని తొమ్మిదితో గుణిస్తే 72 అక్షరాలు. ఆ 72లో మళ్ళీ ఇంగ్లీషు 'ఏ', 'బి', 'ఇ'లు ఉంటాయి, వాటికి మళ్ళీ పెద్ద బడి, చిన్న బడి! ఇక్కడ ప్రమాణం దయగలది. రెండూ ఒకటేనని చెప్పి, పెద్ద బడి వాడమని సలహా ఇస్తుంది. వర్డ్‌ప్రెస్ చిన్న బడిలో దాచుకుంటుంది. చిరునామాలను ముడి అక్షరాలుగా పోల్చే క్యాషెలూ లెక్కల పట్టికలూ వీటిని రెండుగా చూస్తాయి. కాబట్టి పోల్చే ముందు విప్పాలి.

వర్డ్‌ప్రెస్‌లో శీర్షిక నుంచి చిరునామా కోసం తయారయ్యే పేరుకు 200 అక్షరాలే హద్దు. 'పట్టిసీమ ఎత్తిపోతల పథకం' అన్న శీర్షిక 21 సంకేతాలు, మధ్యలో రెండు అడ్డగీతలతో కలిపి 191 అక్షరాలు. ఇరుకుగా పడుతుంది. చివర 'వివరాలు' అని చేరిస్తే ఆ మాట తెగిపోతుంది. తెలుగు శీర్షికలు పెట్టేవాళ్ళు చిరునామాను విడిగా, పొట్టిగా రాసుకోవడం అలవాటు చేసుకోవాలి.

పెద్ద బడి లేకపోయినా, కంటికి ఒకటిగా కనిపించి యంత్రానికి రెండుగా కనిపించే రూపాలు తెలుగులో ఉన్నాయి. తాళ్ళపూడి మండలంలోని పైడిమెట్ట పేరునే తీసుకోండి. 'పై'లోని ఐత్వాన్ని యూనికోడ్ ఒకే సంకేతంగానూ రాయనిస్తుంది, ఎత్వం మీద ఐత్వపు తోకను విడిగా చేర్చి రెండు సంకేతాలుగానూ రాయనిస్తుంది. తెర మీద తేడా లేదు, బైట్లు వేరు. రైతు, రైలు, వైద్యం అన్న మాటలన్నిటికీ ఇదే వర్తిస్తుంది. డొమైన్ పేర్లలో ఒకే రూపానికి కుదించాలన్న నియమం ఉంది. దారికి లేదు, సేవ కట్టేవాళ్ళే ఎన్‌ఎఫ్‌సీ అనే కుదించిన యూనికోడ్ రూపానికి మార్చి పోల్చుకోవాలి. 'వెబ్‌సైటు' లాంటి మాటల్లో పొల్లు తర్వాత కనబడకుండా కూర్చునే జడ్‌డబ్ల్యూఎన్‌జే ఇంకొకటి. ఒకరి కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకొకరిది పెట్టదు. ఇవి పోను, తాళ్ళపూడి అని రాసేవాళ్ళూ తాళ్లపూడి అని రాసేవాళ్ళూ ఉన్నారు, పట్టిసీమను పట్టిసం అనేవాళ్ళూ ఉన్నారు. ఇంగ్లీషులోకి వెళ్తే 'ఐ' ఒకటా, 'ఇ'లు రెండా అన్న తగవు. బడిని సరిచేసే ఏ సాధనమూ ఈ పేర్ల తేడాలను ముట్టుకోలేదు.

జిల్లాల సరిహద్దులూ నిలకడగా లేవు. పట్టిసీమ ఉన్న పోలవరం మండలం 2022 ఏప్రిల్ 4న పశ్చిమ గోదావరి నుంచి ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. దారిలో జిల్లా పేరు పెట్టి పట్టిసీమ పుటకు చిరునామా ఇచ్చినవాళ్ళు ఆ రోజు ఏదో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చింది. లింకులు విరగ్గొట్టాలి, లేదా పాత జిల్లా పేరు మోస్తూ ఉండాలి. మంచి చిరునామాలు మారవని 1998లో బెర్నర్స్-లీ రాసినప్పుడు చెప్పింది కూడా ఇదే, మారే విషయాన్ని చిరునామాలో పెట్టవద్దని.

ఊళ్ళ వివరాలతో నడిచే సేవ కట్టేవాళ్ళకు వీటన్నిటికీ కలిపి పనికొచ్చే ఏర్పాటు ఒకటి ఇప్పటికే చేతిలో ఉంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ అంకెలతో ఒక కోడ్ ఇచ్చింది. దారిలో ముందు ఆ కోడ్ పెట్టాలి, దాని వెనక మనుషులు చదువుకోవడానికి ఊరి పేరు, తెలుగులోనైనా ఇంగ్లీషులోనైనా. సర్వర్ పుటను అంకెతోనే వెతకాలి, పేరును లెక్కలోకి తీసుకోకూడదు. స్టాక్ ఓవర్‌ఫ్లో తన ప్రశ్నలకు ఏళ్ళ తరబడి ఇలాగే చిరునామాలు ఇస్తోంది. పట్టిసం అని కొట్టినా, అంతా పెద్ద బడిలో కొట్టినా, ఐత్వాన్ని రెండు ముక్కలుగా కొట్టినా అదే పుట తెరుచుకుంటుంది. ఆ వెంటనే 301తో చిరునామా పట్టీలో సరైన పేరు వచ్చి కూర్చుంటుంది.